చలిదేశంలో ఇంటికి కిటికీలు: ఏది చూసి ఎంచుకోవాలి?

మినియాపోలిస్, షికాగో, టొరంటో, కాల్గరీ, ఎడ్మంటన్ వంటి ఊళ్ళలో ఇవాళ ఎన్నో తెలుగు కుటుంబాలు సొంత ఇళ్ళు కొనుక్కుని స్థిరపడుతున్నాయి. ఇల్లు కాస్త పాతదైతే, కొన్న కొన్నేళ్ళకే మీద పడే పెద్ద ఖర్చుల్లో కిటికీలు మార్చడం ఒకటి. కొత్త ఇల్లు కట్టించుకునేవారికైతే ఈ ప్రశ్న ఇంకా ముందే ఎదురవుతుంది. అమ్మేవారు చెప్పే మాటలు ఎన్నో: రెండద్దాలు చాలవు మూడు కావాలి, ఆర్గాన్ కావాలి, లో-ఇ పూత కావాలి, బిల్లు సగమైపోతుంది. ఈ మాటల్లో ఏది నిజం, ఏది సగం నిజం, ఏది మన ఇంటికి వర్తించదు అన్నది తేల్చుకోవడానికి కొంత లెక్క, కొంత భౌతికశాస్త్రం తెలిస్తే చాలు.

మొదట మన అలవాటును పక్కన పెట్టాలి. హైదరాబాదులోనో విజయవాడలోనో మంచి కిటికీ అంటే గాలి ఆడాలి, ఎండ లోపలికి రాకూడదు. చలిదేశంలో ఈ రెండూ తారుమారు. అక్కడ మూసిన కిటికీలోంచి గాలి చొరబడకూడదు, శీతకాలపు ఎండ మాత్రం ఎంత వస్తే అంత లాభం. వేడిదేశం కోసం తయారైన అద్దాన్ని చలిదేశపు ఇంటికి దక్షిణం వైపు బిగిస్తే, ఉచితంగా వచ్చే వెచ్చదనాన్ని డబ్బిచ్చి అడ్డుకున్నట్టే.

వేడి ఏ దారుల్లో పోతుంది?

గది 21 డిగ్రీలుండి బయట సున్నాకు 30 డిగ్రీలు దిగువన ఉంటే, ఆ 51 డిగ్రీల తేడా కిటికీని నాలుగు దారుల్లో పరీక్షిస్తుంది. గాజు, చట్రం గుండా నేరుగా పాకే వేడి ఒకటి. అద్దాల మధ్య గాలి సుడి తిరిగి మోసుకుపోయేది రెండోది. వెచ్చని పలక నుంచి చల్లని పలకకు కంటికి కనిపించని కిరణాలుగా పోయేది మూడోది. సందుల్లోంచి గాలితోపాటే వెళ్ళిపోయేది నాలుగోది.

మందపాటి గాజు వేయిస్తే చలి ఆగుతుందని చాలామంది అనుకుంటారు. ఆగదు. గాజు వేడిని బాగానే పోనిస్తుంది. 4 మి.మీ. ఒంటి అద్దం చలికి చూపే నిరోధంలో గాజు వాటా రెండు, మూడు శాతానికి మించదు. మిగిలినదంతా ఆ పలకకు రెండు వైపులా అంటిపెట్టుకున్న పలచని గాలి పొరలదే. కదలని గాలే అసలైన అడ్డు. అందుకే మేలంతా గాజు మందంలో కాదు, పలకల మధ్య ఖాళీలోనూ వాటి మీది పూతలోనూ ఉంది.

ఒంటి అద్దం నుంచి మూడద్దాల దాకా

రెండు పలకలను అంచుల్లో అతికించి మధ్య గాలిని బంధించే పద్ధతికి న్యూయార్కుకు చెందిన థామస్ స్టెట్‌సన్ 1865లోనే పేటెంటు పొందారు. అది మార్కెట్టులో నిలదొక్కుకున్నది మాత్రం ఇరవయ్యో శతాబ్దంలో, లిబీ-ఓవెన్స్-ఫోర్డ్ సంస్థ అమ్మిన థర్మోపేన్‌తో.

అసలు మలుపు 1973 చమురు సంక్షోభం తరవాత వచ్చింది. రెండద్దాల మధ్య జరిగే వేడి ప్రయాణంలో సగానికి పైగా కిరణాల రూపంలోనే సాగుతుంది. ఆ దారిని మూసేందుకు లారెన్స్ బర్క్‌లీ ప్రయోగశాలలో స్టీఫెన్ సెల్కోవిట్జ్ బృందం, దానితో కలిసి పనిచేసిన చిన్న సంస్థలు కంటికి కనబడనంత పలచని పూతలను అభివృద్ధి చేశాయి. లో-ఇ అంటే ఇదే. మామూలు గాజు తనకు తగిలిన వేడి కిరణాల్లో ఎక్కువ భాగాన్ని పీల్చుకుని మళ్ళీ వెదజల్లుతుంది. ఆ గుణానికి కొలత 0.84. వెండి ఆధారిత పూత వేస్తే అది 0.05 కన్నా తక్కువకు పడిపోతుంది. వెలుతురు వస్తుంది, గది వేడి మాత్రం తిరిగి గదిలోకే మళ్ళుతుంది. 1980ల మొదట్లో ఈ అద్దాలు మార్కెట్టులోకి వచ్చాయి.

అదే కాలంలో మధ్య ఖాళీలో మామూలు గాలికి బదులు ఆర్గాన్ నింపడం మొదలైంది. మనం పీల్చే గాలిలో ఆర్గాన్ దాదాపు ఒక శాతం ఉంటుంది. విషం కాదు, ఖరీదూ తక్కువే. వేడిని మోయడంలో అది గాలిలో మూడింట రెండొంతులు మాత్రమే. ఆర్గాన్‌కు పలకల మధ్య ఎడం 12 నుంచి 16 మి.మీ. దాకా ఉంటే మేలు. అంతకు మించితే లోపల వాయువు సుడి తిరగడం మొదలై లాభం పోతుంది. క్రిప్టాన్ ఇంకా మేలైనదే, 8 నుంచి 10 మి.మీ. ఎడంలోనే పని చేస్తుంది, కానీ ధర చాలా ఎక్కువ. సముద్రమట్టానికి 1,600 మీటర్ల ఎత్తున్న డెన్వర్ వంటి చోట్లకు పంపే అద్దాలకు కొందరు తయారీదారులు ఒత్తిడి సర్దుకోవడానికి సన్నని గొట్టం పెడతారు. ఆ గొట్టం ఉంటే ఆర్గాన్ లోపల నిలవదు. ఎత్తు ప్రదేశంలో కొనేవారు ఈ ఒక్క విషయం తప్పక అడగాలి.

లేబుల్ మీది అంకెలు

కిటికీ ఎంత వేడిని జారవిడుస్తుందో చెప్పేది యు-ఫ్యాక్టర్. ఇది ఎంత తక్కువైతే అంత మంచిది. ఐరోపా, కెనడాలలో దీన్ని చదరపు మీటరుకు, ఒక్కో డిగ్రీ తేడాకు ఎన్ని వాట్లు అని కొలుస్తారు. అమెరికా కొలత వేరు. అక్కడి అంకెను 5.68తో గుణిస్తే మెట్రిక్ అంకె వస్తుంది. అమెరికా లేబుల్ మీది 0.25, కెనడా లేబుల్ మీది 1.42 ఒకటే కిటికీ కావచ్చు. మెట్రిక్‌లో చెబితే ఒంటి అద్దం 5.7 దగ్గర, పూత లేని రెండద్దాలు 2.8 దగ్గర, లో-ఇ, ఆర్గాన్ ఉన్న రెండద్దాలు 1.1 నుంచి 1.4 దాకా, రెండు పూతలున్న మూడద్దాలు 0.5 నుంచి 0.8 దాకా ఉంటాయి.

ఇవన్నీ అద్దం నడిమి భాగపు అంకెలు. చట్రంతో కలిపి మొత్తం కిటికీకి కొలిస్తే మంచి అద్దం అంకె ఇంకా పెరుగుతుంది. కరపత్రాల్లో అద్దం అంకెనే పెద్ద అక్షరాలతో వేసే అలవాటుంది. కాబట్టి "ఇది మొత్తం కిటికీ అంకేనా?" అన్నది కొనేవారు వేయాల్సిన మొదటి ప్రశ్న. అమెరికాలో 1989లో ఏర్పడిన ఎన్‌ఎఫ్‌ఆర్‌సీ అనే సంస్థ లేబుల్ మొత్తం కిటికీ అంకెనే ఇస్తుంది. ఆ లేబుల్ లేని కిటికీని మాట మీద కొనకూడదు.

రెండో అంకె ఎస్‌హెచ్‌జీసీ, ఐరోపాలో జి-విలువ. కిటికీ మీద పడ్డ ఎండలో ఎంత భాగం వేడిగా లోపలికి వస్తుందో ఇది చెబుతుంది. 0.50 అంటే సగం. మూడోది గాలి కారే అంకె. అమెరికాలో ఇంధన పొదుపుకు ఇచ్చే ఎనర్జీ స్టార్ ముద్ర ఉన్న కిటికీలకు ఇది 0.3 మించకూడదు, చలిదేశానికి 0.1 దగ్గర ఉన్నవి వెతకడం మేలు.

ప్రమాణాల విషయానికొస్తే, అమెరికా ఎనర్జీ స్టార్ 2023 అక్టోబరు నుంచి ఉత్తర మండలానికి యు-ఫ్యాక్టర్ పరిమితిని 0.27 నుంచి 0.22కు దించింది. కెనడా 2020 జనవరి నుంచి 1.22 అంటోంది. కొలతలు మార్చి చూస్తే రెండూ దాదాపు ఒకటే. జర్మనీలో పుట్టిన పాసివ్ హౌస్ ప్రమాణం ఇంకా కఠినం. మధ్య ఐరోపా వాతావరణంలో మొత్తం కిటికీకి 0.80 దాటకూడదంటుంది.

ఎండ: అడ్డుకోవాలా, రానివ్వాలా?

నిపుణుల మధ్య అసలు భేదం ఇక్కడే. యు-ఫ్యాక్టర్ ఒక్కటే చూస్తే కిటికీని ఖర్చుగానే లెక్కగట్టినట్టు. పగటి ఎండతో అది రాబడి కూడా తెస్తుంది. కెనడావారి ఎనర్జీ రేటింగ్ ఈ రెండింటినీ కలిపి ఒకే అంకెగా ఇస్తుంది: ఎండకు మార్కులు కలిపి, వేడి నష్టానికీ గాలి కారడానికీ మార్కులు తీసేస్తుంది. ఆ సూత్రం ప్రకారం ఎస్‌హెచ్‌జీసీ 0.10 పెరిగితే, యు-ఫ్యాక్టర్ 0.26 తగ్గినంత ఫలం. యు-ఫ్యాక్టర్ 1.6, ఎస్‌హెచ్‌జీసీ 0.50 ఉన్న కిటికీకి దాదాపు 34 మార్కులొస్తాయి. యు-ఫ్యాక్టర్ 1.2 ఉన్నా ఎస్‌హెచ్‌జీసీ 0.25 మాత్రమే ఉన్న కిటికీకి 28 దగ్గర ఆగిపోతుంది. తక్కువ యు-ఫ్యాక్టర్ ఉన్నదే ఎప్పుడూ గెలుస్తుందన్న నమ్మకం ఇక్కడ నిలవదు. అమెరికా ప్రమాణం కూడా దీన్ని కొంత గుర్తించింది. ఎస్‌హెచ్‌జీసీ 0.40 ఆ పైన ఉంటే యు-ఫ్యాక్టర్ 0.26 ఉన్నా ఉత్తర మండలంలో అనుమతిస్తుంది.

అయితే ఈ రేటింగ్ నాలుగు దిక్కుల సగటు. మన ఇంటి దిక్కులు దానికి తెలియవు. యాభయ్యో అక్షాంశం దగ్గరున్న విన్నిపెగ్‌లో డిసెంబరు మధ్యాహ్నం సూర్యుడు దిగంతానికి పదిహేడు డిగ్రీల లోపే ఉంటాడు. ఆ వాలు ఎండ దక్షిణపు కిటికీలోంచి గది లోపలిదాకా వస్తుంది. జూన్‌లో అదే సూర్యుడు 63 డిగ్రీల ఎత్తుకెక్కుతాడు, చిన్న చూరు ఉన్నా దక్షిణపు కిటికీకి నీడ దొరుకుతుంది. అంటే దక్షిణం వైపు ఎస్‌హెచ్‌జీసీ ఎక్కువున్న అద్దం శీతకాలంలో సంపాదించి పెడుతుంది, వేసవిలో పెద్దగా బాధించదు. పడమటి వైపు అలా కాదు. వేసవి సాయంత్రపు ఎండ నేరుగా కొడుతుంది, చూరు ఆపలేదు. చలిదేశంలో కూడా పడమటి గదులు ఉడికిపోతాయి. అక్కడ ఎస్‌హెచ్‌జీసీ తక్కువున్న అద్దమే సుఖం. ఉత్తరం వైపు ఎండ దాదాపు శూన్యం కనుక అక్కడ యు-ఫ్యాక్టర్ ఒక్కటే చూస్తే చాలు.

చాలామంది అమ్మకందారులు ఇల్లంతటికీ ఒకే అద్దం రాసేస్తారు, వాళ్ళకు అది సులువు. లో-ఇ అని రాసి ఉన్నంత మాత్రాన పని తీరదు. వెండి పొర ఒకటే ఉన్న పూత ఎండను ఎక్కువగా రానిస్తుంది. మూడు పొరలున్నది బాగా అడ్డుకుంటుంది. దక్షిణానికి ఒకటి, పడమరకు మరొకటి కావాలని అడగడం మన హక్కు. శీతకాలంలో తీసేయదగ్గ దోమతెరలను తీసేస్తే కూడా ఎండ రాబడి పెరుగుతుంది. దానికి పైసా ఖర్చు లేదు.

చట్రం, అంచు, రెక్క

అద్దం ఎంత మంచిదైనా చట్రం చలిని మోసుకొస్తే శ్రమంతా వృథా. అల్యూమినియం వేడిని కలపకన్నా వెయ్యి రెట్లకు పైగా తేలిగ్గా పోనిస్తుంది. మధ్యలో ప్లాస్టిక్ అడ్డుపట్టీ లేని అల్యూమినియం చట్రం చలిదేశానికి పనికిరాదు. వినైల్ చవక, గదులు గదులుగా ఉన్న లోపలి నిర్మాణం వల్ల వెచ్చన. కానీ ఎండకూ చలికీ ఎక్కువగా సాగి ముడుచుకుంటుంది. ఫైబర్‌గ్లాస్ ఇంచుమించు గాజుతో సమానంగానే సాగుతుంది కనుక అతుకులు ఎక్కువకాలం నిలుస్తాయి, ధర ఎక్కువ. కలప వెచ్చన, అందం. బయటివైపు లోహపు తొడుగు లేకపోతే నిత్యం రంగు వేసుకోవాలి.

పలకలను విడదీసి పట్టుకునే అంచుపట్టీ కూడా ముఖ్యమే. పాతకాలపు అల్యూమినియం పట్టీ ఉంటే అద్దం అంచులోనే మంచు కడుతుంది. స్టెయిన్‌లెస్ స్టీలు, సిలికాన్ నురగ వంటి వెచ్చని అంచుపట్టీ కావాలని కొటేషన్‌లో రాయించుకోవాలి.

తలుపులా తెరుచుకుని రబ్బరు పట్టీకి బిగుతుగా అదుముకునే రెక్కలు గాలిని బాగా ఆపుతాయి. పక్కకు జరిగేవి, పైకి కిందికి జరిగేవి అంత బిగువు కావు. ఏళ్ళు గడిచేకొద్దీ ఇంకా వదులవుతాయి. అసలు తెరవక్కరలేని చోట కదలని అద్దం పెడితే ధరా తక్కువ, గాలీ రాదు. పడకగదిలో మాత్రం ఆ పొదుపు చేయకూడదు. అగ్నిప్రమాదంలో బయటపడేందుకు వీలుగా కెనడా నియమావళి కనీసం 0.35 చదరపు మీటర్ల తెరుచుకునే జాగా అడుగుతుంది. పాత చట్రంలో కొత్త చట్రం ఇరికించే పద్ధతిలో ఈ జాగా తగ్గిపోయే ప్రమాదం ఉంది.

చెమ్మ చెప్పే సంగతి

గది 21 డిగ్రీలు, తేమ 40 శాతం ఉంటే 7 డిగ్రీలకన్నా చల్లనైన దేనిమీదైనా నీరు పడుతుంది. బయట సున్నాకు 30 డిగ్రీలు దిగువన ఉన్నప్పుడు లెక్క వేస్తే, ఒంటి అద్దం లోపలి ముఖం సున్నాకు 17 డిగ్రీలు దిగువకు పోతుంది; దాని మీద మంచే కడుతుంది. పూత లేని రెండద్దాలకు అది 2 డిగ్రీలు, లో-ఇ, ఆర్గాన్ ఉన్న రెండద్దాలకు 13, మంచి మూడద్దాలకు 16. అంచుల్లో ఇంతకన్నా తక్కువే ఉంటుంది. నీరు కారి చౌకట్టు కుళ్ళడం, బూజు పట్టడం ఇలాగే మొదలవుతాయి.

మన వంటిళ్ళలో అన్నం, పప్పు, ఇడ్లీ ఆవిర్లు రోజూ ఉంటాయి. బట్టలు ఇంట్లోనే ఆరేస్తే ఆ తేమంతా గాలిలోకే చేరుతుంది. ఏ కిటికీ అయినా దీన్ని ఒంటరిగా తట్టుకోలేదు. పొయ్యి మీది ఆవిరిని బయటికే పంపే ఫ్యాను వేయాలి. చలి ముదిరే కొద్దీ ఇంటి తేమను 30 శాతం దగ్గరకు తేవాలి. రాత్రి మందపాటి తెర దించితే అద్దం ఇంకా చల్లబడి చెమ్మ పెరుగుతుందని గుర్తుంచుకోవాలి.

చెమ్మ ఎక్కడ పట్టిందో చూస్తే జబ్బు తెలుస్తుంది. గదివైపు పడితే తేమ ఎక్కువనో అద్దం బలహీనమనో అర్థం. పలకల మధ్య పడితే అతుకు పోయినట్టు. అప్పుడు చట్రం బాగుంటే అద్దం జత ఒక్కటి మార్పించుకోవచ్చు, కిటికీ మొత్తం అక్కర్లేదు. శరదృతువు ఉదయాల్లో బయటివైపు పడితే కంగారు వద్దు, ఇంటి వేడి బయటికి రావడం లేదనడానికి అది గుర్తు.

రెండా, మూడా? డబ్బు లెక్క

విన్నిపెగ్ వంటి చోట 20 చదరపు మీటర్ల కిటికీలున్న ఇంటిని తీసుకుందాం. అక్కడి చలి కొలత, అంటే రోజురోజు చలి లోటును కూడిన మొత్తం, ఏడాదికి సుమారు 5,700 డిగ్రీ-రోజులు. ఎండ రాబడిని, గాలి కారడాన్ని పక్కన పెట్టి లెక్కిస్తే, మొత్తం కిటికీ యు-ఫ్యాక్టర్ 5 ఉన్న ఒంటి అద్దాలు ఏడాదికి దాదాపు 13,700 యూనిట్ల (కిలోవాట్-గంటల) వేడిని పోగొడతాయి. 2.8 ఉన్న పాత రెండద్దాలు 7,700, కొత్త 1.2 కిటికీలు 3,300, మంచి మూడద్దాల 0.9 కిటికీలు 2,500.

యూనిట్ 10 సెంట్లు, కొత్త కిటికీల ఖర్చు 20,000 డాలర్లు అనుకుందాం. ఒంటి అద్దం నుంచి 1.2కు వస్తే ఏడాదికి వెయ్యి డాలర్లకు పైగా మిగులు. ఇరవై ఏళ్ళలోపు పెట్టుబడి తిరిగొస్తుంది. పాత రెండద్దాల నుంచి వస్తే మిగులు 440 డాలర్లు. తిరిగి రావడానికి 45 ఏళ్ళు దాటుతుంది. అంతకాలం ఆ కిటికీలే ఉండవు. 1.2 నుంచి 0.9కు వెళ్ళడం వల్ల మిగిలేది 82 డాలర్లే. సహజవాయువుతో ఇల్లు వెచ్చబెట్టుకునేవారికి యూనిట్ ఇంకా చవక కనుక మిగులు ఇంకా తక్కువ.

ఈ లెక్క రెండు మాటలు చెబుతుంది. బాగున్న రెండద్దాల కిటికీలను బిల్లు కోసం మాత్రమే పీకించడం లాభసాటి కాదు. కొత్త ఇల్లు కడుతున్నా, పాతవి చెడిపోయి ఎలాగూ మారుస్తున్నా, చూడాల్సింది మొత్తం ధర కాదు, రెండు రకాల మధ్య తేడా మాత్రమే. ఆ తేడా చిన్నదైతే మూడద్దాలు తీసుకోవచ్చు. వాటి విలువ బిల్లులోనే లేదు. చల్లని అద్దం పక్కన కూర్చుంటే గది వెచ్చగా ఉన్నా ఒళ్ళు వణుకుతుంది, ఎందుకంటే మన ఒంటి వేడి కిరణాలుగా ఆ అద్దానికి పోతుంది. కిటికీ కింద హీటర్ పెట్టే ఆచారం అందుకే పుట్టింది. మూడద్దాలుంటే చదువుకునే బల్లను, పసిపిల్లల మంచాన్ని కిటికీ పక్కనే వేసుకోవచ్చు. బయటి చప్పుడూ కొంత తగ్గుతుంది. బరువు మాత్రం పెరుగుతుంది. 4 మి.మీ. పలక ఒక్కోటి చదరపు మీటరుకు 10 కిలోలు, మూడు పలకలు 30. కీళ్ళు ఆ బరువుకు తగినవై ఉండాలి.

అమెరికాలో కిటికీలకు 600 డాలర్ల దాకా ఇచ్చిన కేంద్ర పన్ను రాయితీ 2025 డిసెంబరు 31తో ముగిసింది. ఇంకా దాన్ని చూపించి అమ్మేవారి మాట నమ్మవద్దు. రాష్ట్రాలు, స్థానిక కరెంటు, గ్యాస్ సంస్థలు ఇచ్చే రాయితీలను విడిగా విచారించుకోవాలి.

మార్చకుండానే చేయగలిగేవి

పాత కిటికీలున్న చాలా ఇళ్ళకు మొదటి మందు కొత్త కిటికీ కాదు. అరిగిన రబ్బరు పట్టీలు మార్చడం, చట్రానికీ గోడకూ మధ్య పగుళ్ళు పూడ్చడం, లోపలివైపు పారదర్శక ప్లాస్టిక్ పొర బిగించడం తక్కువ ఖర్చుతో ఎక్కువ ఫలమిస్తాయి. స్కాట్లండులో పాత ఒంటి అద్దం కిటికీల మీద హిస్టారిక్ స్కాట్లండ్ తరఫున గ్లాస్గో కలెడోనియన్ విశ్వవిద్యాలయం జరిపిన పరీక్షల్లో, లోపలివైపు అదనపు అద్దం బిగిస్తే వేడి నష్టం 63 శాతం, చెక్క రెక్కలు మూస్తే 51 శాతం తగ్గింది. అద్దెకుండేవారికి, పాతకాలపు ఇళ్ళ అందం పోగొట్టుకోలేనివారికి ఈ దారి చాలా మేలు.

బిగింపే సగం కిటికీ

ఎంత ఖరీదైన కిటికీ అయినా బిగింపు సరిగా లేకపోతే దాని లేబుల్ కాగితానికే పరిమితం. గోడకూ చట్రానికీ మధ్య సందును ఎక్కువగా ఉబ్బని నురగతో నింపాలి. మామూలు నురగ ఉబ్బి చట్రాన్ని వంచేస్తుంది, రెక్క సరిగా మూసుకోదు. కిటికీ అడుగున వాననీరు బయటికి జారేలా పళ్ళెం, చుట్టూ నీరు చొరబడని పట్టీ ఉండాలి. పాత చట్రంలోపలే కొత్తది ఇరికించడం చవక, కానీ చుట్టూ ఉన్న పాత సందులు అలాగే మిగులుతాయి, గాజు విస్తీర్ణమూ తగ్గుతుంది. చౌకట్టు దాకా తీసి బిగించడం ఖర్చే అయినా, చెమ్మ పట్టిన ఇళ్ళకు అదే సరైనది. ఈ వివరాలన్నీ కొటేషన్‌లో రాసి ఇవ్వనివారికి పని అప్పగించకూడదు.

కొత్త రకాలు కూడా వస్తున్నాయి. 0.2 మి.మీ. శూన్యాన్ని మధ్యలో బంధించిన అద్దాలను సిడ్నీ విశ్వవిద్యాలయ పరిశోధనల ఆధారంగా జపాన్‌లో 1990ల చివర్లోనే అమ్మకానికి పెట్టారు. ఒంటి అద్దమంత పలచగా ఉండటం వల్ల పాత చట్రాల్లోనూ ఇమిడిపోతాయి. టీవీ తెరలకు వాడే పలచని గాజును మధ్య పలకగా పెట్టిన తేలిక మూడద్దాలు మరో రకం. ధరలు దిగితే రెండూ ఈ లెక్కలను మార్చగలవు.

తేలిన మాట

చలిదేశంలో ఉన్న సగటు ఇంటికి ఈ వరస సరిపోతుంది. ముందు గాలి సందులు మూయండి, ఇంటి తేమ అదుపులో పెట్టండి. ఉన్న రెండద్దాలు బాగుంటే వాటిని ఉండనివ్వండి. మార్చక తప్పనప్పుడు మొత్తం కిటికీ యు-ఫ్యాక్టర్ మెట్రిక్‌లో 1.2 దగ్గర, అమెరికా కొలతలో 0.22 దగ్గర ఉన్నది తీసుకోండి. నీడ పడని దక్షిణపు కిటికీకి మాత్రం ఎండను బాగా రానిచ్చే అద్దం దొరికితే యు-ఫ్యాక్టర్ కాస్త పెరిగినా ఒప్పుకోండి. పడమరకు ఎండను ఆపేది, ఉత్తరానికి యు-ఫ్యాక్టర్ అన్నిటికన్నా తక్కువున్నది ఎంచుకోండి. విన్నిపెగ్ వంటి ప్రేరీ ఊళ్ళ చలిలో కొత్త ఇల్లు కడుతుంటే మూడద్దాలకే మొగ్గండి. డబ్బు చాలకపోతే అద్దాల సంఖ్యలో తగ్గండి, బిగింపులో మాత్రం తగ్గకండి.